మాకెరల్ అంటే కానాగంతా, వంజరమా?

సందేహం: మా ఇంట్లో కానాగంతల పులుసు తరచుగా వండుతాము. ఏడో తరగతి చదివే మా మనవరాలు, దీనిని ఇంగ్లీషులో మాకెరల్ అంటారని చెప్పింది. మొన్న బీచ్ రోడ్డులో ఒక హోటలుకు వెళితే అక్కడి మెనూలో వంజరం వేపుడు పక్కన ‘కింగ్ మాకెరల్’ అని అచ్చు వేశారు. ఒకే మాట రెండు చేపలకు ఎలా సరిపోతుంది? తెలుగులో రాసేటప్పుడు ఏది వాడాలి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: మీ మనవరాలు చెప్పినదీ తప్పు కాదు, హోటలువారు రాసినదీ తప్పు కాదు. చిక్కంతా ఆ ఇంగ్లీషు మాటలోనే ఉంది. కానాగంత అన్నది ఒక్క చేప పేరు. మాకెరల్ అలాంటిది కాదు. ‘పప్పు’ అన్నప్పుడు కందిపప్పో పెసరపప్పో ముందు మాట చేరితే గాని తేలనట్టే, దీనికీ ముందు మరో మాట చేరాలి. ఇంగ్లండులో ఊరికే మాకెరల్ అంటే అట్లాంటిక్ సముద్రపు చేప. ఇండియన్ మాకెరల్ అంటే మన కానాగంత. ఇండో పసిఫిక్ కింగ్ మాకెరల్ అంటే ఒంటి మీద చుక్కలుండే వంజరం. పక్కల మీద సన్నని నిలువు చారలుండి, మన జాలర్లు కోనాం అని పిలిచే చేప స్పానిష్ మాకెరల్ రకాలలో ఒకటి. దాని పేరులో స్పెయిన్ ఉన్నా అది మన తీరంలో దొరికేదే. ఈ రెండింటినీ వ్యాపారులు ‘సీర్ ఫిష్’ అని ఒకే గాటన కడతారు. ఆ ‘సీర్’ రంపం అనే అర్థం గల ‘సెర్రా’ అన్న పోర్చుగీసు మాట నుంచి వచ్చింది. ఇక హార్స్ మాకెరల్ అసలు ఈ కుటుంబానిదే కాదు, పారల కుటుంబానిది.

మాకెరల్ పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన మాట. ఫ్రెంచిలో నేటికీ ఆ చేప పేరునే తార్పుడుగాడికి కూడా వాడతారు (ఈ సంగతి మనవరాలికి చెప్పనక్కరలేదు). ఇంగ్లీషులో పది చేపలు పట్టినా బహువచన ప్రత్యయం లేకుండా మాకెరల్ అనే అంటారు, వేర్వేరు జాతులను లెక్కించేటప్పుడు మాత్రం ప్రత్యయం చేరుస్తారు. తెలుగులో ‘మాకెరల్‌లు’ అని నాలుక తిప్పుకోవడం కన్నా ‘మాకెరల్ చేపలు’ అనడం సుఖం.

ఆకాశంలో అలలు అలలుగా పరుచుకున్న చిన్న మేఘాలను ఇంగ్లీషువారు ‘మాకెరల్ ఆకాశం’ అంటారు. కానాగంతను చేతిలోకి తీసుకుని చూస్తే ఈ పోలిక మనకు అందదు, ఎందుకంటే దాని వీపు మీద చారలు తల నుంచి తోక వైపుగా పొడుగునా సాగుతాయి. అట్లాంటిక్ చేపకు అవి వీపుకు అడ్డంగా, వంకరలు తిరిగి ఉంటాయి. ఆ పలుకుబడి ఆ చేపను చూసి పుట్టింది.

మీరు అడగకపోయినా చెప్పవలసిన మాట ఒకటుంది. శాస్త్రజ్ఞులు కానాగంతను ‘రాస్ట్రెల్లిగర్ కనగుర్త’ అంటారు. మొదటి మాట లాటిన్, పళ్ల గొర్రును మోసేదని దాని భావం. చేప నోరు తెరిచి చూస్తే మొప్పల లోపల దువ్వెన పళ్లలాంటి పొడవైన ముళ్లు కనిపిస్తాయి, ఆ పేరు వాటిని బట్టి వచ్చింది. రెండవ మాట తెలుగు, అదీ విశాఖపట్నం తెలుగు. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉండిన పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు (ఇంగ్లీషులో రక్తపింజరికి ఉన్నది ఈయన పేరే) విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపలను బొమ్మలతో వర్ణించి 1803లో లండన్‌లో గ్రంథం ప్రకటించాడు. అందులో ఇక్కడి వాళ్లు పలికిన పేర్లను రోమన్ లిపిలో రాసుకున్నాడు. ఆ ‘కనగుర్త’నే 1816లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియే శాస్త్రీయ నామంగా స్వీకరించాడు. నేడు కొందరు కానాగంత అంటారు, కొందరు కానాగడత అంటారు. రస్సెల్ విన్నది రెండవ రూపానికి దగ్గరిదని నా అభిప్రాయం. ఒడిశాను ఒరిస్సాగా రాసిన చెవులు ‘గడత’లోని డకారాన్ని రేఫగా విని ఉంటాయి.

కనుక తెలుగులో రాసేటప్పుడు కానాగంత, వంజరం, కోనాం అనే రాయండి. ఇవి మాకెరల్ కన్నా స్పష్టమైనవి, పైగా ఫిషింగ్ హార్బరులో బుట్ట ముందు కూర్చున్న ఆమెకు కూడా తెలిసినవి. హోటలువారు ఇంగ్లీషు పేరు వేసుకున్నా పక్కన వంజరం అని ఉంచారు కాబట్టి మీకు నష్టం లేదు. అట్లాంటిక్ నుంచి డబ్బాలలో వచ్చే చేపను మాత్రం మాకెరల్ అనే అనాలి. దానిని కానాగంత అని అనువదిస్తే అది తప్పవుతుంది.