గుచ్చకుండా రక్తంలో మందు కొలవొచ్చా?

ప్రశ్న: మా బాపుకు హైదరాబాద్‌లో పెట్ స్కాన్ రాశారు. షుగరుంది. మణికట్టు ధమనిలో సూది ఉంచి గంటసేపు రక్తం తీస్తారట, నిజమేనా?
— ఒక చదువరి, దేవరకొండ

జవాబు: భయపడకండమ్మా. క్యాన్సర్ కోసం చేసే మామూలు పెట్ స్కాన్‌లో ధమని జోలికే పోరు. షుగర్ చూడ్డానికి వేలి కొస గుచ్చుతారు, చేతి నరానికి ఎఫ్‌డీజీ (రేడియోధార్మికత కలిపిన చక్కెర లాంటి మందు) ఎక్కిస్తారు, గంట ఆగి స్కాన్ తీస్తారు. మందు ఎక్కడెంత చేరిందో మోతాదుతో, ఒంటి బరువుతో పోల్చి లెక్క కడతారు. అందుకని బరువు అందాజాగా చెప్పకుండా అక్కడే తూయించండి. ఆరు గంటల ముందు నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు, బత్తాయి రసం కూడా. ముందురోజు తోటలో పార పట్టనివ్వకండి, పని చేసిన కండరాలు మందును లాగేసుకుంటాయి. షుగర్ మాత్రల సంగతి స్కాన్ సెంటర్‌ను ముందే అడగండి.

మీరు విన్నది పరిశోధన స్కాన్ల మాట. వాటిలో రక్తంలో మందు ఎప్పుడెంత ఉందో కొలవాలి.

ప్రశ్న: ఆ పరిశోధన స్కాన్లలోనైనా గుచ్చకుండా కొలవలేమా?
— ఇమేజింగ్ టెక్నాలజీ విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: ఎఫ్‌డీజీకైతే కొలవొచ్చు. బృహద్ధమని బొమ్మలోనే కనిపిస్తుంది కదా, దాన్నే కొలవాలి. ఇంజెక్షన్‌కు ముందే కెమెరా మొదలుపెట్టి, తొలి రెండు నిమిషాలు ఐదేసి సెకన్లకో ఫ్రేము తీయాలి. మందు ధమనిలో ఒక్కసారిగా ఎగిసి వెంటనే పడిపోతుంది. ఫ్రేము అర నిమిషం పెట్టారంటే ఆ శిఖరం చదునైపోతుంది.

కొలిచే వృత్తాన్ని బొమ్మలో ఎక్కడ గీయాలన్నదే అసలు కిటుకు. మెడలోని ధమని వెడల్పు సుమారు 5 మి.మీ., కెమెరా విడమరిచి చూపగలిగేదీ దాదాపు అంతే. అందుకే మొదట తక్కువ చూపిస్తుంది, తర్వాత పక్క కణజాలం వెలుగు కలిసిపోతుంది. గుండె గదిలో గీస్తే గుండె కండరమే ఎఫ్‌డీజీ తాగి లెక్క పెంచేస్తుంది. ఛాతీలో కిందికి దిగే బృహద్ధమని 2 సెం.మీ. పైనే ఉంటుంది. దాని నడుమ, గోడలకు తగలకుండా 1 సెం.మీ. వృత్తం గీయండి.

మణికట్టుకు కట్టే డిటెక్టర్లూ ఉన్నాయి. మందు నుంచి వెలువడే పాజిట్రాన్ అనే కణం ఒంట్లోనే ఒకటి రెండు మి.మీ.లలో ఆగిపోతుంది గనుక, అక్కడ పుట్టి ఎదురు దిశల్లో వెళ్లే రెండు గామా కిరణాలను (ఒక్కోదాని శక్తి 511 కేఈవీ) పట్టాలి. ధమని పక్కనే సిరలుండటంతో రెంటినీ విడదీయడం కష్టం.

గడియారాలు మరవకండి. మోతాదు కొలిచే యంత్రానికీ స్కానర్‌కూ పది నిమిషాల తేడా ఉంటే, 110 నిమిషాల అర్ధాయువున్న (అంటే అంతసేపట్లో సగమయ్యే) ఫ్లోరిన్-18, ఎఫ్‌డీజీలోని రేడియోధార్మిక మూలకం, దాని లెక్క 6 శాతం తప్పుతుంది.

కాలేయంలో విరిగిపోయే ఇతర స్కాన్ మందులకు మాత్రం ఈ పద్ధతి ఒక్కటే చాలదు. అసలు మందు వెలుగేదో, విరిగిన ముక్క వెలుగేదో బొమ్మకు తెలియదు. అక్కడ రక్తం తీయాల్సిందే.