తిరుపతి పోస్టాఫీసులో పూటంతా లైను: ఏ పనికి ఏ తేదీ, ఏ ఫారం

మీరడిగింది: మా దగ్గరి పోస్టాఫీసులో అమ్మ వడ్డీ డబ్బు, నా ఆర్డీ (నెలనెలా కట్టే పొదుపు), ఒక స్పీడ్ పోస్టు, ఈ మూడింటికే ఒక పూట పోతోంది, తప్పించుకునే దారి ఉందా అని. ఉంది.

ముందు క్యాలెండర్ చూడండి. ఆర్డీ 15లోపు తెరిచినవాళ్ళు ప్రతి నెలా 15లోపు, 16 తర్వాత తెరిచినవాళ్ళు నెలాఖరు పనిదినంలోపు కట్టాలి. దాటితే నూటికి రూపాయి జరిమానా. అందుకే ఆ గడువులకు ముందు రెండు మూడు రోజులు, నలుగురి ఆర్డీలూ వసూలు చేసి కట్టే ఏజెంట్లు కట్టలకొద్దీ లిస్టులు పట్టుకొస్తారు. మీ ముందు నలుగురే కనిపిస్తారు గానీ, అందులో ఒకరి చేతిలో వంద ఖాతాలుంటాయి. పీపీఎఫ్ (దీర్ఘకాలపు పొదుపు), సుకన్య (ఆడపిల్లల పేరిట పొదుపు) కట్టేవాళ్ళు 5వ తేదీకి, పొదుపు ఖాతాలో వేసేవాళ్ళు 10వ తేదీకి ఎగబడతారు. ఆ తేదీ దాటాక వేసిన డబ్బుకి ఆ నెల వడ్డీ రాదు కాబట్టి. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ మొదటి రోజుల్లో సీనియర్ సిటిజన్ పొదుపు పథకం వడ్డీ కోసం పెద్దవాళ్ళొస్తారు. తేదీ మన చేతిలో ఉన్న పనైతే 17 నుంచి 25 మధ్య పెట్టుకోండి.

అమ్మగారి వడ్డీకి అసలు లైనే అక్కర్లేదు. ఎస్‌బి-83 ఫారం ఇస్తే వడ్డీ దానంతటదే పోస్టాఫీసు పొదుపు ఖాతాలో పడుతుంది. బ్యాంకు ఖాతాలోకే కావాలంటే ఈసీఎస్-1 ఫారం, దాంతో రద్దు చేసిన చెక్కు గానీ బ్యాంకు పాసుబుక్కు మొదటి పేజీ జిరాక్సు గానీ ఇవ్వాలి. ఒక్కసారి నిలబడితే చాలు. ఆమె ఆధార్ బ్యాంకు ఖాతాకి లింకై ఉంటే, పోస్ట్‌మ్యాన్ ఇంటి దగ్గరే వేలిముద్రతో ఒక్కసారికి 10,000 వరకు ఇవ్వగలడు. కదల్లేని పెద్దవాళ్ళకు ఇది చాలా మేలు, అడగడానికి మొహమాటపడకండి.

పొదుపు ఖాతాలో పడ్డ ఆ డబ్బు కౌంటర్లోనే తీసుకోవాలంటే, ఎక్కువగా ఆగేది సంతకం దగ్గర. డబ్బు తీసుకునే ఎస్‌బి-7 ఫారం ఇవ్వగానే గుమాస్తా ఖాతా నంబరు కొడతాడు, ఎప్పుడో స్కాన్ చేసిన సంతకం స్క్రీన్ మీద తెరుచుకుంటుంది. ఇరవై ఏళ్ళ కిందటి గట్టి చేతిరాత పక్కన ఇప్పటి వణుకు గీత సరిపోదు. అక్కడే వాదన మొదలై వెనక లైనంతా నిలిచిపోతుంది. రద్దీ లేని రోజున ఆధార్, పాన్, ఫోటో తీసుకెళ్ళి కొత్త నమూనా సంతకం ఇప్పించండి. ఇంకో సంగతి: పెద్ద మొత్తాలకు గుమాస్తా ఎంట్రీ కొట్టాక లోపల సూపర్‌వైజర్ ఆమోదించాలి. ఆయన సీట్లో లేకుంటే కౌంటర్లో మనిషున్నా పని జరగదు. అంచేత భోజనం వేళ వెళ్ళకండి.

ఆర్డీని ఫోన్లోనే కట్టేయొచ్చు. ఐపీపీబీ (ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్) ఖాతా ఉంటే దాని యాప్‌లో ఆర్డీ, పీపీఎఫ్, సుకన్య మూడూ కట్టొచ్చు. ఖాతా నంబరుతో పాటు కస్టమర్ ఐడీ కూడా అడుగుతుంది, పాసుబుక్కు దగ్గర పెట్టుకోండి.

స్పీడ్ పోస్టుకి కవరు మీద పంపేవాళ్ళ, అందుకునేవాళ్ళ చిరునామాలు, పిన్‌కోడ్‌లు, ఇద్దరి మొబైల్ నంబర్లు ఇంటి దగ్గరే రాసి, కవరు అంటించి తీసుకెళ్ళండి. గుమాస్తా ఇవన్నీ టైపు చెయ్యాలి, ఒక్క అంకె తేలకపోయినా మళ్ళీ మిమ్మల్నే అడగాలి. 2025 సెప్టెంబర్ 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. ఆ మనిషి చేతికే అందాలనుకుంటే స్పీడ్ పోస్టులోనే ‘రిజిస్ట్రేషన్’ కూడా కావాలని చెప్పండి: ఐదు రూపాయలు, పైన జీఎస్టీ. పాత పేరు పట్టుకుని కౌంటర్లో వాదిస్తే టైమే వృథా.

ఇంత చేసినా రోజూ ఒకే కౌంటరు తెరుస్తుంటే మీ తప్పేం లేదు, తప్పకుండా ఫిర్యాదు చెయ్యండి. ముందు అక్కడి పోస్ట్‌మాస్టర్‌కి చెప్పి, ఫిర్యాదుల పుస్తకంలో రాయండి. తర్వాత తపాలా శాఖ టోల్‌ఫ్రీ నంబరు 1800 266 6868, కదలకపోతే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల వెబ్‌సైటు సీపీగ్రామ్స్. అందులో పరిష్కారానికి గడువు 21 రోజులు. ‘సర్వీసు బాగాలేదు’ అని రాస్తే ‘సిబ్బందికి సూచించాం’ అని మూసేస్తారు. తేదీ, లైన్లో నిలబడిన సమయం, పనైన సమయం, మొత్తం కౌంటర్లెన్ని, తెరిచినవెన్ని, సర్వర్ లేదన్నారా, మనిషి లేడన్నారా, ఇవి రాయండి. మూడు వేర్వేరు రోజుల లెక్క ఉంటే డివిజన్ సూపరింటెండెంట్ ఆఫీసు దాన్ని తేలిగ్గా పక్కన పెట్టలేదు.