పాతిక ఆల్బమ్‌లు కాదు, ఒక్కటి పట్టుకెళ్లు

మంచి జాజ్ ఆల్బమ్‌లు ఓ పాతిక రాసి పంపమన్నావు. నాకంటే చిన్నవాడివి కాబట్టి నువ్వు అనే అంటున్నాను, ఏమీ అనుకోకు. ఆఫీసువాళ్లు నెలకోసారి ఎవరో ఒకరింట్లో చేరి రికార్డులు వింటారట, నిన్నూ రమ్మన్నారట, ఏమీ తెలియకుండా వెళ్తే పరువు పోతుందేమోనని టెన్షనట. పరువు సంగతి తర్వాత. రమ్మన్నవాళ్లున్నారు చూడు, అదే అదృష్టం. న్యూజెర్సీలో నా మొదటి చలికాలం నన్ను పిలిచిన నాథుడు లేడు. శుక్రవారం సాయంత్రం ఆఫీసులో బై చెప్పాక మళ్లీ సోమవారం దాకా నా గొంతు నాకే వినపడేది కాదు.

అప్పట్లో నేను చేసిన మొదటి తప్పు హెడ్‌ఫోన్స్. ఎవరో చెబితే ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' సీడీ కొని, రైల్లో పోతూ వస్తూ చెవులు మూసుకుని నెలంతా విన్నాను. 1959లో రెండంటే రెండు రోజుల్లో రికార్డు చేశారని, సాక్సోఫోన్ మీద జాన్ కోల్‌ట్రేన్, పియానో మీద బిల్ ఇవాన్స్ ఇద్దరూ అందులో ఉన్నారని బట్టీ పట్టాను. ఎవరితోనూ ఒక్క ముక్క పంచుకోలేదు. ఆ ట్రంపెట్ వింటున్నకొద్దీ ఒంటరితనం ఇంకా ముదిరింది.

రెండోది చెప్పుకోవడానికే సిగ్గు. ఎట్టకేలకు ఒకరింటికి పిలుపొస్తే, నలభై పాటల జాబితా ప్రింటు తీసుకుని బయల్దేరాను. వాళ్లు బిల్ ఇవాన్స్ 'వాల్ట్జ్ ఫర్ డెబీ' పెట్టారు. 1961 జూన్ 25న న్యూయార్క్ విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో జనం మధ్య రికార్డు చేసిన ఆల్బమ్ అది. గ్లాసుల చప్పుడు, మాటలు వినిపిస్తుంటాయి. రికార్డులోవాళ్లే మాట్లాడుతున్నారు కదా అని నేనూ అందుకున్నాను, సరిగ్గా స్కాట్ లఫారో ఒక్కడే ముందుకొచ్చి బేస్ వాయిస్తుండగా. ఇంటాయన ఏమీ అనలేదు. సూది ఎత్తి మళ్లీ మొదటి నుంచి పెట్టాడు. పాట అయ్యాక మెల్లగా చెప్పాడు: ఆ బేస్ వాయించినతను ఆ తర్వాత పదకొండు రోజులకే కారు ప్రమాదంలో పోయాడు, పాతికేళ్ల కుర్రాడు. నా జాబితా జేబులోనే ఉండిపోయింది.

తర్వాతి నెల డేవ్ బ్రూబెక్ 'టైమ్ అవుట్' పెట్టారు. అందులో 'టేక్ ఫైవ్' వస్తుంటే నా చెయ్యి దానంతటదే తొడమీద తాళం వేసింది. అయిదు అక్షరాలు. మన కర్ణాటక సంగీతంలో ఖండచాపు తాళం తక తకిట అయితే, ఇది తకిట తక. పక్కాయన చూసి ఏమిటది అని అడిగాడు. అంతే, ఆ రాత్రి పదకొండు దాకా నాతో మాట్లాడుతూనే ఉన్నారు! ఆ పాట కట్టింది బ్రూబెక్ కాదు, సాక్సోఫోన్ వాయించిన పాల్ డెస్మండ్ అని నాకు తెలిసింది కూడా ఆ రాత్రే.

కాబట్టి ఒక్క ఆల్బమ్ తీసుకెళ్లు. అది నీకెందుకు నచ్చిందో నీ మాటల్లో చెప్పు, చాలు. జాజ్‌లో మామూలుగా ముందు అందరూ పాట వాయిస్తారు, తర్వాత వంతులవారీగా ఒక్కొక్కరూ కల్పించి వాయిస్తారు, చివర మళ్లీ పాటకొస్తారు. మన కచేరీల్లో అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరాలు విన్నవాడివైతే ఇది నీకు కొత్త కాదు. ఎక్కడున్నారో తెలియక తికమక పడితే అసలు పాటను మనసులో పాడుకుంటూ ఉండు, దారి దొరుకుతుంది. కోల్‌ట్రేన్ తన కొడుక్కి సితార్ విద్వాంసుడు రవిశంకర్ మీద గౌరవంతో రవి అని పేరు పెట్టాడని ఎవరో ఒకరు నీకు చెప్పి తీరతారు, ఆ వెంటనే సితార్ గురించి అడుగుతారు. తెలియకపోతే తెలియదను. నేను తెలిసినట్టు నటించి దొరికిపోయాను, అదింకో కథ.

క్లబ్బులకు వెళ్లేటప్పుడు టికెట్లు, వయసు, డ్రింకుల నియమాలు వాళ్ల వెబ్‌సైట్లో ఉంటాయి, చూసుకో. మిగతా రాత్రుల్లో హెడ్‌ఫోన్స్ పక్కనపెట్టి రేడియో పెట్టుకో. న్యూవార్క్ నుంచి డబ్ల్యూబీజీఓ అనే జాజ్ స్టేషన్, ఎఫ్ఎం 88.3లో వస్తుంది. పాటకీ పాటకీ మధ్య ఒక మనిషి గొంతు వాయించినవాళ్ల పేర్లు చెబుతుంది. నువ్విప్పుడు నవ్వుకుంటావు. జనవరి రానీ, చెబుతాను.

శనివారం వాళ్లింటి నుంచి బయల్దేరేముందు, వచ్చే నెల ఎవరింట్లో అని అడుగు. ఎవరూ పలక్కపోతే మా ఇంట్లో అను. కుర్చీలు లేవంటావేమో, నాకూ లేవు. అందరూ కార్పెట్ మీదే కూర్చున్నారు.