పగిలిన కన్ను తీసేయించండి, ఆవు దక్కుతుంది

ప్రశ్న: మా హెచ్‌.ఎఫ్‌. సంకరజాతి ఆవు రెండో ఈతది, 5 నెలల చూడి. పక్క ఆవు కొమ్ము కంట్లో దిగి 10 రోజులైంది. కన్ను వాచి చీము కారుతోంది. నల్లగా ఏదో ముందుకు పొడుచుకొచ్చింది. నిన్నటి నుంచి పురుగులు కనబడుతున్నాయి. కన్ను తీసేయాలంటున్నారు. చుక్కల మందుతో నయం కాదా? పాలు తగ్గిపోతాయా?
– ఒక రైతు, పలమనేరు, చిత్తూరు జిల్లా

జవాబు: ఆ నల్లటిది పెరిగిన కండ కాదు. కంటి ముందు పొర చిరిగి, కనుపాప చుట్టూ ఉండే నల్లపొర బయటికి తోసుకొచ్చింది. అంటే గుడ్డు పగిలింది. పైగా చీము పట్టింది కాబట్టి ఏ చుక్కల మందూ చూపు తేలేదు. ఉత్త పువ్వు (నల్లగుడ్డు మీద తెల్లమచ్చ) వేసి, గుడ్డు నిండుగా ఉన్న దశలో అయితే మూడో రెప్పను (ముక్కు వైపు మూలలో ఉండే లోపలి పొరను) పైరెప్పకు కలిపి కుట్టి రెండు మూడు వారాలు ఉంచితే చాలాసార్లు దక్కుతుంది. మీ ఆవు ఆ దశ దాటింది. ఆలస్యం చేస్తే చీము కంటినరం వెంట మెదడుకు పాకొచ్చు.

సంచార పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్‌ చేయండి, లేదా తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఈలోపు కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో 9 గ్రాముల ఉప్పు కలిపి, సూది తీసేసిన సిరంజితో రోజూ రెండుసార్లు కడగండి. పురుగులను చిమటాతో ఏరండి. ఒంటి మీది పుండుకు వాడే టర్పెంటైన్‌ను కంట్లో వేయొద్దు, కాలిపోతుంది. పొగాకు రసం, స్టెరాయిడ్‌ కలిసిన చుక్కలు అసలే వద్దు.

ఆపరేషన్‌ మామూలుగా ట్రెవిస్‌లో (పశువును కదలకుండా ఉంచే చట్రంలో) నిలబెట్టే చేస్తారు. చూడి సంగతి ముందే చెప్పండి. జైలజిన్‌ మత్తుసూది గర్భసంచిని బిగదీస్తుంది. గుడ్డు వెనక చీము ఉంటే అక్కడ సూది గుచ్చితే ఇంకా లోపలికి పోతుంది. అందుకని చెంప ఎముక వంపు దగ్గర నుంచి మొద్దుబార్చే మందు 2 శాతం లిగ్నోకెయిన్‌ 15–20 మి.లీ. లోతుగా ఇస్తారు, రెప్పల చుట్టూ మరికొంత. తర్వాత రెండు రెప్పలనూ కలిపి కుట్టేస్తారు. మూట మూతి కట్టినట్టన్నమాట, లోపలి చీము కోతకు తగలదు. రెప్పల అంచుకు సెంటీమీటరు ఎడంగా చుట్టూ కోసి గుడ్డు, కండరాలు, కొవ్వు ఒకే ముద్దగా తీస్తారు. గుడ్డును పట్టి లాగితే గుండె వేగం పడిపోతుంది, నరం దగ్గర నిదానం కావాలి. రక్తం బాగానే వస్తుంది, కంగారు పడకండి. గాజుగుడ్డ కూరి అదిమితే ఆగుతుంది. చీము ఉన్న కేసు కాబట్టి ముక్కు వైపు మూల కొద్దిగా కుట్టకుండా వదిలి, గాజుగుడ్డ కొస బయటికి ఉంచుతారు. 24–48 గంటల్లో దాన్ని లాగేయాలి. మరిచిపోతే అదే మళ్లీ చీముకు మూలం.

యాంటీబయాటిక్‌ 5–7 రోజులు. రెండో రోజుకే తేరుకుందని ఆపేయకండి. నొప్పికి మెలాక్సికామ్‌ కిలోకు 0.5 మి.గ్రా., అంటే 400 కిలోల ఆవుకు 200 మి.గ్రా. డైక్లోఫెనాక్‌ పశువులకు 2006 నుంచి నిషేధం. మందు సీసా మీద రాసినన్ని రోజులు పాలు కేంద్రానికి పోయొద్దు. కుట్లు 14వ రోజు తీయిస్తారు. ఈలోగా వాపు పెరిగి కంపు కొడితే కింది కుట్టు విప్పి కడిగించాలి.

నొప్పితో తగ్గిన పాలు మేత పుంజుకునే కొద్దీ తిరిగొస్తాయి. ఒంటికన్ను ఆవు ఈనుతుంది, పాలిస్తుంది. కొట్టంలో గుడ్డి వైపు గోడ వచ్చేలా కట్టండి, చూపున్న వైపు నుంచే పిలుస్తూ దగ్గరికి వెళ్లండి. పొడిచిన ఆవును గాడికి దూరంగా వేరే కట్టండి. ఇకపై దూడలకు రెండు మూడు వారాల వయసులోనే కొమ్ము మొలకలు కాల్పించండి.