శ్రీకాకుళంలో ఇంటి నుంచి అకౌంట్స్ సేవలు మొదలుపెట్టాలంటే ఏ పనులు పెట్టుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: బీకాం చదివి, హైదరాబాద్‌లో ఒక కంపెనీలో అకౌంట్స్, జీతాల పట్టీలు చూశారు. అమ్మగారికి పక్షవాతం వచ్చాక శ్రీకాకుళం తిరిగి వచ్చేశారు. జీఎస్టీ, ఆదాయపు పన్ను, పాన్ కార్డులు, అన్నీ చేస్తామని ఇంటి ముందు బోర్డు పెట్టమని బంధువులు అంటున్నారు. పెట్టాలా, ఎంత తీసుకోవాలి అని అడిగారు.

ఆ బోర్డు పెట్టకండి. నేను పలాస పక్కన కాశీబుగ్గలో ఇంటి నుంచే ఈ పని చేస్తున్నాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. అన్నీ చేస్తామనే చోటికి జనం ఎప్పుడైనా వస్తారు. పాన్ కార్డులో తండ్రి పేరు తప్పు పడిందని ఒకరు భోజనం వేళకు వస్తారు, రేపే ఆఖరు తేదీ అంటూ మరొకరు రాత్రి తొమ్మిదికి బిల్లుల సంచితో వస్తారు. అమ్మగారికి పక్క మార్చే సమయం వాళ్లకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

ఏ సేవ ఇవ్వాలో తేల్చుకునే ముందు మీ వారం ఎలా నడుస్తుందో కాగితం మీద రాయండి. మా మామగారికి సోమ, గురువారాల్లో డయాలసిస్. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం వైపు ఇళ్లకు ఇది కొత్త మాట కాదు. విడతకు సుమారు నాలుగు గంటలు, రానుపోను కలిపితే ఆ రోజు అంతే. ఆసుపత్రి వరండాలో ల్యాప్‌టాప్ తెరుచుకోవచ్చు కదా అనేవాళ్లు ఒక పూట అక్కడ కూర్చుని చూడాలి. అందుకని ఫోను మోగగానే జవాబు చెప్పాల్సిన పని ఏదీ నేను పెట్టుకోలేదు. నోటీసులకు సమాధానాలు, అధికారుల దగ్గర హాజరు కావడం నా జాబితాలో లేవు. అవి వస్తే ఆడిటర్ గారి దగ్గరికి పంపేస్తాను. బేరమాడటం, గొంతు పెంచడం నాకు చేతకాదు. ఆయనకు అవే ఇష్టం.

నాకు చేతనైనది వేరు. మా పుట్టింటివాళ్లది జీడితోట. పిక్కల లెక్క, 80 కిలోల బస్తా ధర, సీజన్‌లో రోజుకొక రేటు, ఇవన్నీ చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాను. రైతు దగ్గర పొట్టు తీయని జీడిపిక్కలు కొన్న రిజిస్టర్డ్ వ్యాపారి రివర్స్ చార్జి కింద 5 శాతం జీఎస్టీ తానే కట్టాలి. రైతు బిల్లు ఇవ్వడు కాబట్టి ఇన్‌వాయిస్ కూడా కొన్నవాడే రాసుకోవాలి. ఆ పన్నును క్రెడిట్‌లో, అంటే కొనుగోళ్ల మీద ముందే కట్టిన పన్నులో, సర్దడానికి వీల్లేదు, నగదు లెడ్జర్ నుంచే, అంటే జీఎస్టీ పోర్టల్‌లో డబ్బు జమ చేసుకునే ఖాతా నుంచే, కట్టాలి. కట్టాక మాత్రం దాన్ని క్రెడిట్‌గా తీసుకోవచ్చు. సంత చీటీల మీద గొలుసుకట్టు రాతలో ఉన్న కొనుగోళ్లను ఓపికగా విడదీసి ఈ లెక్కలోకి తేవడమే నేను అమ్మే సేవ. పలాసలో జీఎస్టీ రిటర్న్ వేసేవాళ్లకు కొదవ లేదు, ఆ చీటీలు చదవగలిగినవాళ్లు తక్కువ.

ఇక నా దగ్గరికి వచ్చే వ్యాపారులకు పెట్టిన నియమాలు. బిల్లుల ఫొటోలు 3వ తేదీలోపు వాట్సాప్‌లో రావాలి. నా సందేహాలన్నీ ఒకే జాబితాగా 6న పంపుతాను, 8లోపు జవాబు ఇవ్వాలి. నెలవారీ రిటర్నులకు అమ్మకాల వివరాల గడువు 11, పన్ను కట్టి వేసే 3బికి 20. ఈ రెండూ డయాలసిస్ రోజు మీద పడినా ఇబ్బంది లేకుండా రెండు మూడు రోజులు ముందే ముగిస్తాను. ఆలస్యం వాళ్లదైతే రోజుకు 50 రూపాయల లేటు ఫీజు, వడ్డీ వాళ్లవే. అమ్మకాలు, కొనుగోళ్లు ఏమీ లేని నెలకైతే రోజుకు 20 రూపాయలు. మొదట్లో ఒకరిద్దరు ముఖం చిట్లించారు, తరువాత వాళ్లే గుమస్తాకు 1వ తేదీన గుర్తు చేయడం మొదలుపెట్టారు. ఫొటోలు అడగడానికి మరో కారణం ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా మీదే తీరం దాటింది. జిల్లాకు జీఎస్టీ గడువు పెంచారు గానీ తడిసి ముద్దయిన చీటీలకు గడువు ఉపయోగపడలేదు.

ధర విషయంలో గంటల లెక్క వద్దు. చేయి తిరిగేకొద్దీ మీకు డబ్బు తగ్గుతుంది. నేను చీటీల సంఖ్య మీద తీసుకుంటాను: నెలకు వంద వరకు రెండు వేలు, ఆపైన ప్రతి యాభైకి ఐదు వందలు. ఏప్రిల్, మేలలో పని పెరిగితే రుసుము దానంతట అదే పెరుగుతుంది, విడిగా అడగనక్కర్లేదు. అడగడం నాకు ఎంత కష్టమో పైన చెప్పాను కదా.

మీ విషయానికి వస్తే, నేనైతే జీఎస్టీ జోలికే వెళ్లను. మీరు జీతాల పట్టీలు చేశారు. శ్రీకాకుళంలో ప్రైవేటు బడులు, నర్సింగ్ హోములు బోలెడు. ఉద్యోగులు పది మంది, ఆపైన ఉంటే ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా), ఇరవై మంది, ఆపైన ఉంటే పీఎఫ్ (భవిష్య నిధి) వర్తిస్తాయి. రెండింటికీ గడువు తరువాతి నెల 15. ప్రతి నెలా దాదాపు అవే పేర్లు, మాట్లాడటానికి ఒకే గుమస్తా, హాజరు పట్టీ ఒకటి వస్తే చాలు. మంచం పక్కన కూర్చుని చేయగలిగిన పని, మధ్యలో లేచి వెళ్లినా చెడదు. ఉద్యోగి తలకు ఇంతని రుసుము చెప్పండి. కొత్తగా చేరినవారు, మానేసినవారు ఉంటే వాళ్లకు అదనం అని ముందే రాసి ఇవ్వండి, పని పెరిగేది అక్కడే. మధ్యలో జీతం 21,000 దాటినవారిని ఈఎస్ఐ నుంచి వెంటనే తీసేయమని యాజమాన్యాలు ఒత్తిడి చేస్తాయి. ఆ కంట్రిబ్యూషన్ కాలం, అంటే చందా లెక్కించే ఆరు నెలల విడత, ముగిసేదాకా కొనసాగించాలని రాతపూర్వకంగానే చెప్పండి.

దుకాణాల పని కూడా కావాలనుకుంటే కాంపొజిషన్ పథకంలో, అంటే చిన్న వ్యాపారులు అమ్మకాల మీద ఇంత శాతమని పన్ను కట్టే పద్ధతిలో, ఉన్నవారిని చూడండి. మూడు నెలలకోసారి 18లోపు పన్ను, ఏడాదికి ఒక రిటర్న్. డబ్బు తక్కువే, కానీ ఒత్తిడీ తక్కువే. ఇతరుల తరఫున జీఎస్టీ రిటర్నులు వేయడానికి ప్రాక్టీషనర్‌గా నమోదు కావాలి, మీ బీకాం అందుకు సరిపోతుంది, పరీక్ష మాత్రం ఉంటుంది. మీ సొంత ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటేదాకా మీకు జీఎస్టీ నమోదు అక్కర్లేదు.

మొదటి నెల ఉచితం అని మాత్రం చెప్పకండి. ఉచితమంటే హాజరు పట్టీ 14వ తేదీ రాత్రి పంపుతారు.