వెనక్కి జారేవాడి గురించి

అమ్మాయికి ఆశీస్సులు.

ఐస్ హాకీలో గోల్ పడకుండా అడ్డుకునే డిఫెన్స్‌మన్ నిక్లాస్ లిడ్‌స్ట్రమ్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది. రెండోసారి చదువుతుంటే మాత్రం చిరాకేసింది. అన్ని పేజీల్లో ఆ మనిషి ఒక్కసారైనా తన పని చేస్తూ కనపడడే! స్వీడన్‌లో పుట్టాడు, 1989 డ్రాఫ్టులో (జట్లు కొత్తవాళ్లని వంతులవారీగా ఎంచుకునే చోట) డెట్రాయిట్ రెడ్ వింగ్స్ జట్టు అతన్ని 53వ స్థానంలో తీసుకుంది, 1564 ఆటలు ఆడాడు, ఏటా ఉత్తమ డిఫెన్స్‌మన్‌కిచ్చే నోరిస్ ట్రోఫీలు ఏడు, లీగ్ విజేతలకిచ్చే స్టాన్లీ కప్పులు నాలుగు, 2012లో రిటైర్మెంటు. ఇది సర్వీస్ రిజిస్టరమ్మా, వ్యాసం కాదు. పైగా 2002లో వాంకూవర్ మీద మైదానం నడిమధ్య నుంచి కొట్టిన గోల్‌కి రెండు పేజీలిచ్చావు. ఆ గోల్‌లో సగం ఎదుటి గోల్‌కీపర్ పుణ్యమే.

డిఫెన్స్‌మన్ గురించి రాస్తున్నప్పుడు అతను జరగనివ్వనివే రాయాలి. ఏళ్ల తరబడి ఈ మాట చెబుతూనే ఉన్నాను, వినేవాళ్లు తక్కువ. ఒక్క షిఫ్ట్, అంటే ఆటగాడు ఒక విడతకి మంచు మీదుండే సమయం, తీసుకో. ముప్పావు నిమిషం ఉంటుందేమో. రెండొందల అడుగుల పొడవు మంచు మీద ఎదుటి ఫార్వర్డ్ పక్‌తో (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) దూసుకొస్తున్నాడు. లిడ్‌స్ట్రమ్ అతనికేసి చూస్తూనే వెనక్కి స్కేటింగ్ చేస్తున్నాడు. ఇద్దరి మధ్యా దూరం స్టిక్ పొడవును మించనివ్వడు. మధ్యదారి మూసేసి, అవతలివాణ్ని కొంచెం కొంచెంగా పక్కనున్న అంచు గోడ వైపు నెడతాడు. ఒళ్లు తగిలించడు. దారి అయిపోయాక స్టిక్ చాపి పక్‌ని ఒక్క పోటు పొడుస్తాడు. వెంటనే సాఫీగా ఒక పాస్. స్టేడియంలో చప్పట్లు ఉండవు. ఇలాంటివి రాత్రికి ఎన్నో, ఇరవై సీజన్ల పాటు.

1564 ఆటల్లో తప్పులకి శిక్షగా అతను బయట కూర్చున్న పెనాల్టీలు మొత్తం 514 నిమిషాలని నీ పట్టికలో ఉంది. అంటే ఆటకి ఇరవై సెకన్లు. అప్పట్లోనే, అదే డిఫెన్స్‌లో పేరు మోసిన స్కాట్ స్టీవెన్స్‌కి 2785 నిమిషాలు. ఆ అంకెని పట్టికలో పారేసి వెళ్లిపోయావు. కొట్టకుండా ఆపడమెలా అని ఒక్కసారైనా అడగాలనిపించలేదా?

1997 స్టాన్లీ కప్ ఫైనల్ చూడు, జవాబు దొరుకుతుంది. ఎదురుగా ఫిలడెల్ఫియా, ఆరడుగుల నాలుగంగుళాల ఎరిక్ లిండ్రోస్, అతనితో కలిసి దాడికి దిగే ముగ్గురి లైన్‌కి ‘లీజియన్ ఆఫ్ డూమ్’ అని పేరు. వాళ్ల మీదికి డెట్రాయిట్ డిఫెన్స్‌మన్ కాన్‌స్టాంటినోవ్ లాంటి గట్టి కొట్టుడుగాణ్ని వదులుతారని అందరి లెక్క. కోచ్ స్కాటీ బోమన్ మాత్రం లిడ్‌స్ట్రమ్‌నీ లారీ మర్ఫీనీ దింపాడు. ఢీకొంటే గెలిచేది లిండ్రోసే, మరి ఢీకొట్టడానికి మనిషే దొరక్కపోతే? డెట్రాయిట్ నాలుగుకి నాలుగూ గెలిచింది. లిండ్రోస్ కొట్టింది ఒక్కటే గోల్, అదీ చివరి ఆట చివరి నిమిషంలో. నీ వ్యాసంలో దీనికి దక్కింది ఒక వాక్యం!

నేను డెస్కులో చేరిన కొత్తల్లో జిల్లా ఫుట్‌బాల్ టోర్నమెంటుకి వెళ్లి ఒక ఫుల్‌బ్యాక్ మీద ఐటెం రాసుకొచ్చాను. రైల్వే గ్యాంగ్‌మన్ కొడుకు, టోర్నమెంటంతా తన వైపు నుంచి ఒక్క క్రాస్ కూడా రానివ్వలేదు. మా ఎడిటర్ గారు కళ్లజోడు పైకి నెట్టి “ఎన్ని గోల్స్ కొట్టాడయ్యా?” అన్నారు. కొట్టలేదండీ అన్నాను. మర్నాడు పేపర్లో ఆ చోట టూత్‌పేస్ట్ యాడ్ వచ్చింది. ఆయన పోయి చాలా కాలమైంది, నా కోపం ఇంకా పోలేదు. ఇప్పటి ఎడిటర్లు ఇంకో రకం. ఆటగాడెవరైనా సరే వాళ్లకి మోటివేషన్ కావాలి, ‘విజయానికి ఏడు మెట్లు’ కావాలి. నువ్వూ చివర్లో ‘మనం నేర్చుకోవాల్సినవి’ అని పెట్టావు. కొట్టేయ్.

టీమ్‌లో వాళ్లు సరదాగా ‘పర్ఫెక్ట్ హ్యూమన్’ అనేవారని దాన్నే శీర్షిక చేశావు. తప్పే లేనివాడి గురించి పాఠకుడు ఎంతసేపు చదువుతాడు? అతని పక్కన వ్లాదిమిర్ కాన్‌స్టాంటినోవ్‌ని నిలబెట్టు. ఇద్దరూ డిఫెన్స్‌మన్లే, అదే 1989 డ్రాఫ్టు, ఇద్దరూ 1991లోనే డెట్రాయిట్ తరఫున మొదలుపెట్టారు. ఒకడు తగలకుండా ఆపేవాడు, ఇంకొకడు తగిలే ఆపేవాడు. 1997 జూన్ 7న కప్పు గెలిచారు. 13న కాన్‌స్టాంటినోవ్ ఎక్కిన, లైసెన్స్ సస్పెండైన డ్రైవర్ నడుపుతున్న లిమోజిన్ చెట్టుని ఢీకొట్టింది. అతను మళ్లీ స్కేట్లు కట్టలేదు. మరుసటి ఏడు మళ్లీ గెలిచినప్పుడు కెప్టెన్ స్టీవ్ ఐజర్మన్ కప్పుని వీల్‌చైర్‌లో ఉన్న అతని ఒళ్లో పెట్టాడు. మరో నాలుగేళ్లకి లిడ్‌స్ట్రమ్ ప్లేఆఫ్స్‌లో ఉత్తమ ఆటగాడిగా కాన్ స్మైత్ ట్రోఫీ తీసుకున్నాడు, యూరప్ నుంచి వచ్చినవాళ్లలో తొలివాడు. ఒకరి కెరీర్ ఆగిన చోట ఇంకొకరిది పదిహేనేళ్లు సాగింది. కథంతా అక్కడుంటే నువ్వు ‘దురదృష్టవశాత్తూ’ అని ఒక్క మాటతో దాటేశావు.

ఇంకో సంగతి. 1998 నుంచి వరసగా మూడేళ్లు నోరిస్ ఓటింగ్‌లో రెండో స్థానంలో ఆగిపోయాడు. 2011లో, నలభై ఒకటో ఏట, ఏడోది తెచ్చుకున్నాడు. ఆ సీజన్లో అతని ప్లస్-మైనస్, అంటే అతను మంచు మీదున్నప్పుడు టీమ్ కొట్టిన గోల్స్‌కీ తిన్నవాటికీ తేడా, సున్నాకి రెండు తక్కువ (-2); కెరీర్ మొత్తమ్మీద మైనస్‌లోకి వెళ్లింది ఆ ఒక్కసారే! దీని మీద ఓ పేజీ రాయొచ్చు.

నువ్వు ఉండేది నోవైలో, డెట్రాయిట్ అరగంట దూరం. లిటిల్ సీజర్స్ అరీనాలో చవక టికెట్టు కొనుక్కుని పై వరసలో కూర్చో, డిఫెన్స్ కదలికలు పైనుంచే తెలుస్తాయి. పక్ ఎటు పోయినా నీకనవసరం. ఒక డిఫెన్స్‌మన్‌ని ఎంచుకుని మొదటి పీరియడ్ ఇరవై నిమిషాలూ అతన్నే చూడు. మీ ఆయన గోల్ పడిందని అరిచినా తల తిప్పకు. ఫోన్ తీయకుండా కాగితం మీద రాసుకో.

పబ్లిషర్ గురించీ ఇంగ్లిష్‌లో రాయడం గురించీ అడిగావు. ఇప్పుడవెందుకు? పండగలోపు కొత్త ప్రతి పంపు, ఈసారి అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు, నా కళ్లకి ఆనడం లేదు.