పైపు పొగాకులో వర్జీనియా ఆకు తియ్యగా ఎందుకుంటుంది? చక్కెర కలుపుతారా?

ఆ తీపి చాలావరకు ఆకులో సహజంగా ఉండేదే, దాన్ని పోకుండా నిలబెట్టేది బ్యారన్‌లో (పొగాకు ఆరబెట్టే గదిలో) ఆకును క్యూరింగ్ చేసే, అంటే వేడితో ఆరబెట్టే పద్ధతి.

కోసిన ఆకు వెంటనే చచ్చిపోదు. మొదట ఒకటి రెండు రోజులు 35 డిగ్రీల చుట్టుపక్కల వేడిలో, తేమలో ఉంచితే అందులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, ఆకుపచ్చ పోయి పసుపు తిరుగుతుంది. అలాగే వదిలేస్తే ఆ చక్కెరను ఆకే ఖర్చు చేసేసుకుంటుంది. అందుకని వేడిని మెల్లమెల్లగా పెంచుతూ, ఈనె పుటుక్కున విరిగేంతగా ఎండేవరకు, 70 డిగ్రీల దాకా తీసుకెళ్తారు. వేడి గొట్టాల ద్వారా వస్తుంది కాబట్టి పొగ ఆకును తాకదు. ప్రకాశం జిల్లా పల్లెల్లో కనిపించే బ్యారన్లలో జరిగేదీ ఇదే.

బర్లీ అనే మరో పొగాకు రకం చూడండి. దాన్ని నీడన, గాలికి వారాల తరబడి ఆరబెడతారు. ఆ నిదానంలో చక్కెర దాదాపు అంతా హరించుకుపోతుంది. ఆకు గోధుమరంగుకు తిరిగి, వేయించిన గింజల వాసన వేస్తుంది. ఈ తేడా కోసమే రెండింటినీ కలిపి బ్లెండ్ చేస్తారు.

చాలామంది పొరబడేది ఒకటుంది. డబ్బా మూత తీయగానే గుప్పుమనే వెనిల్లా, చెర్రీ వాసనలే వర్జీనియా తీపి అనుకుంటారు. అవి విడిగా పట్టించిన ఎసెన్సులు. వాటిని స్పాంజిలా పీల్చుకునేది బర్లీ ఆకు (తియ్యటి వాసన వచ్చినంత మాత్రాన హాని తగ్గదు, అది వేరే సంగతి). ఏమీ కలపని వర్జీనియా వాసన ఎండుగడ్డికి దగ్గరగా ఉంటుంది.